వాట్సాప్‌లో వచ్చిన మందు మా నాన్నకి పనికొస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లెటూరు. మా నాన్నగారికి 59 ఏళ్లు, వ్యవసాయం చేస్తారు. కుర్రతనం నుంచీ ఖైనీ అలవాటు. కుడి బుగ్గ లోపల పుండు నెలలు గడిచినా మానకపోతే విశాఖలో చూపించాం. బయాప్సీలో స్క్వామస్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్ అని వచ్చింది. పుండు దవడ ఎముకలోకి దిగిందనీ, మెడలో రెండు గడ్డలున్నాయనీ, స్టేజ్ 4ఏ అనీ చెప్పారు. ఆపరేషన్ చేసి, తర్వాత రేడియేషన్, కీమో ఇస్తామన్నారు. నెలాఖరుకి తేదీ కూడా ఇచ్చారు. ఈలోగా అమెరికాలో ఉన్న మా పెదనాన్న కొడుకు ఫోన్ చేసి, అక్కడ ఇప్పుడు ముందు ఇమ్యునోథెరపీ ఇచ్చాకే ఆపరేషన్ చేస్తున్నారు, తొందరపడొద్దు అన్నాడు. ఫ్యామిలీ గ్రూపులో ఇంకొకరు, అలాంటి మందే ముంబైలో పదో వంతు డోసుతో పని చేస్తోందని వీడియో పెట్టారు. అమ్మేమో కత్తి పెడితే పాకిపోతుంది, పసరు మందు ఇప్పిద్దాం అంటోంది. నాన్నకి షుగరు ఉంది. కుడి చెవి సరిగా వినపడదు. మాకున్నది ఎకరంన్నర. అది అమ్మి ఆ కొత్త మందు వేయించమంటారా? ఆపరేషన్ వాయిదా వేయమంటారా? ఇంకో మాట: మా మేనత్తకి పోయినేడు చెవి కింద గడ్డ తీశారు. రిపోర్టులో సెక్రీటరీ కార్సినోమా, చాలా అరుదైన రకం అని ఉంది. ఆవిడకి ఏదైనా కొత్త మందు అవసరమా?

సమాధానం: అమ్మా, మీ టెన్షన్ అంతా ఆ తేదీ గురించే కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను. మీ అంతట మీరు ఆపరేషన్ వాయిదా వేయకండి. పొలం ఇప్పుడు అమ్మకండి. రిపోర్టులు నా చేతిలో లేవు, మీ నాన్నగారి నోరు నేను చూడలేదు, కాబట్టి ఆఖరి మాట ఆయన్ని చూస్తున్న డాక్టర్లదే. కానీ మీరు రాసినదాన్ని బట్టి వాళ్లు చెప్పిన దారి సరైనదే. మీ వాళ్లు పంపిన రెండు వార్తలూ అబద్ధం కాదు. రెండూ నిజమైన పరిశోధనలే. అయితే అవి ఎలాంటి రోగుల మీద జరిగాయో తెలుసుకోకుండా మీ నాన్నగారికి వర్తింపజేస్తే చిక్కు. అంతకన్నా ముఖ్యం, ఆయనకి నిజంగా అవసరమైన పరిశోధన ఇంకొకటి ఉంది. అది మీ గ్రూపులో ఎవరూ పెట్టలేదు. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఆ 4ఏ అన్న మాట గురించి. నాలుగో స్టేజ్ అనగానే ఇంక అయిపోయింది అనుకుంటారు. చాలా ఇళ్లలో ఆ ఒక్క మాట విని వైద్యమే మానేసి ఇంటికి తీసుకెళ్లిపోతారు, నాకు ఎక్కువ బాధ కలిగించేది అదే. నోటి క్యాన్సర్‌లో 4ఏ అంటే జబ్బు ఊపిరితిత్తులకో కాలేయానికో పాకిందని కాదు. దవడ ఎముకలోకి దిగినా, మెడలో ఒకటికి మించి గడ్డలున్నా ఆ అంకె వేస్తారు. దూరపు అవయవాలకి పాకితే దాన్ని 4సీ అంటారు. 4ఏ అంటే ఆపరేషన్‌తో తీయగలిగేది, నయం చేసే ఉద్దేశంతోనే వైద్యం చేసేది. ఈ తేడా ఇంట్లో అందరికీ, ముఖ్యంగా మీ నాన్నగారికి, అర్థమయ్యేలా చెప్పండి. ఆయన దగ్గర దాచితే ఆరేడు వారాల రేడియేషన్‌ని ఆయన ఏ ఆశతో తట్టుకుంటారు?

ఇక మీ అన్నయ్య చెప్పిన అమెరికా సంగతి. ఆయన చెబుతున్నది కీనోట్-689 అనే అధ్యయనం. డాక్టర్ రవీంద్ర ఉప్పలూరి బృందం దాని ఫలితాలను 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది, జూన్‌లో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ సంస్థ ఆ పద్ధతికి అనుమతి ఇచ్చింది. ఇమ్యునోథెరపీ అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తి చేతే క్యాన్సర్‌ని కొట్టించే వైద్యం. ఇక్కడ వాడిన మందు పేరు పెంబ్రోలిజుమాబ్. క్యాన్సర్ కణం మీద పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ ఉంటే, దాన్ని చంపడానికి వచ్చిన తెల్ల రక్తకణం దగ్గరిదాకా వచ్చి ఆగిపోతుంది. ఆ ఆగిపోవడాన్ని అడ్డుకోవడమే ఈ మందు పని. తీయడానికి వీలున్న ముదిరిన తల, మెడ క్యాన్సర్లున్న 714 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఎప్పటిలాగే ఆపరేషన్, తర్వాత రేడియేషన్, అవసరమైనవాళ్లకి కీమో. రెండో గుంపుకి ఇదే వైద్యానికి తోడు, ఆపరేషన్‌కి ముందు రెండు డోసులు, తర్వాత పదిహేను డోసులు, మూడు వారాలకొకటి చొప్పున ఈ మందు.

మూడేళ్లకి చూస్తే మందు తీసుకున్న గుంపులో 57.6 శాతం మంది, తీసుకోని గుంపులో 46.4 శాతం మంది జబ్బు ముదరకుండా, తిరగబెట్టకుండా ఉన్నారు. అంటే నూటికి పదకొండు మందికి అదనపు మేలు. ఇది చిన్న విషయం కాదు. మా రంగంలో ఆపరేషన్ చేయదగ్గ రోగుల వైద్యం దాదాపు ఇరవై ఏళ్లుగా పెద్దగా మారలేదు, 2004లో వచ్చిన రెండు అధ్యయనాల మీదే నడుస్తోంది. అందుకే ఈ ఫలితం చూసి మేమందరం సంతోషించాం. కానీ అదే అంకెలో ఇంకో సంగతి ఉంది చూడండి. కొత్త మందు లేకుండా, మీ డాక్టర్లు చెప్పిన మామూలు వైద్యంతోనే నూటికి 46 మంది మూడేళ్లు నిబ్బరంగా ఉన్నారు. ఆపరేషన్, రేడియేషన్ రెండు గుంపులకీ ఉన్నాయి. ఇమ్యునోథెరపీ తీసుకున్నవాళ్లకి ఆపరేషన్ మానేశారన్నది ఎక్కడా లేదు. రెండు గుంపుల్లోనూ ఇంచుమించు 90 శాతం మందికి ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్‌కి ముందు ఇచ్చిన రెండు డోసులకే గడ్డ దాదాపు పూర్తిగా కరిగిపోయినవాళ్లు నూటికి పది మంది కూడా లేరు. ఈ మందుతో మొత్తం ఆయుష్షు పెరిగిందని ఆ ఫలితాల్లో ఇంకా రుజువు కాలేదు.

అంటే మీ అన్నయ్య మాటలో ‘ముందు ఇమ్యునోథెరపీ’ అన్న సగం నిజం. ‘తొందరపడొద్దు’ అన్నది మాత్రం ఆ అధ్యయనం చెప్పిన మాట కాదు. అక్కడ డోసులూ, ఆపరేషన్ తేదీ అన్నీ ముందే రాసిపెట్టుకుని, డాక్టర్ల కళ్ల ముందే రోగిని ఉంచుకుని చేశారు. ఇంట్లో కూర్చుని ఆలోచిస్తూ నెల గడపడం వేరు. ఈ మందు అసలు పనికొస్తుందో లేదో తెలియడానికి బయాప్సీ ముక్క మీదే పీడీ-ఎల్1 పరీక్ష చేసి సీపీఎస్ అనే స్కోరు చూడాలి. ఎఫ్‌డీఏ అనుమతి ఆ స్కోరు ఒకటి, అంతకు మించి ఉన్నవాళ్లకే. మీ డాక్టర్ని ఈ పరీక్ష గురించి అడగండి, అడగడంలో తప్పేం లేదు. కానీ పదిహేడు డోసులు, ఒక్కోటి లక్షల్లో. దానికోసం ఉన్న ఎకరంన్నరా అమ్మి, నాలుగైదు డోసుల దగ్గర డబ్బయిపోయి ఆగిపోతే ఆ నూటికి పదకొండు లెక్క మీకు వర్తించదు. పైగా రేడియేషన్‌కి రానూపోనూ ఖర్చులకి, ఆయన తిండికి డబ్బుండదు. డబ్బుకి ఇబ్బంది లేని ఇల్లయితే తప్పకుండా డాక్టరుతో చర్చించమనేవాణ్ని. మీరు రాసిన పరిస్థితిలో మాత్రం, అమ్మొద్దని గట్టిగానే చెబుతున్నాను.

ఇక ముంబై వీడియో. అది టాటా మెమోరియల్ ఆసుపత్రిలో డాక్టర్ విజయ్ పాటిల్, డాక్టర్ కుమార్ ప్రభాష్ తదితరులు చేసిన పని. నాకు దాని మీద ఎంతో గౌరవం ఉంది. తల, మెడ క్యాన్సర్ ముదిరిపోయినవాళ్లకి అనుమతి పొందిన ఖరీదైన మందులు మనలాంటి దేశాల్లో నూటికి ఒకరికో ముగ్గురికో మాత్రమే అందుతున్నాయని వాళ్లు తమ పత్రంలో మొట్టమొదటి వాక్యాల్లోనే రాశారు. మిగతా 97 మంది సంగతేమిటన్న ప్రశ్నతో మొదలైన పరిశోధన అది. నివోలుమాబ్ అనే మందు మామూలుగా రెండు వారాలకి 240 మిల్లీగ్రాములు ఇస్తారు. వీళ్లు మూడు వారాలకి 20 మిల్లీగ్రాములే ఇచ్చారు. తోడుగా నోటితో మింగే మూడు మందులు: మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్, ఎర్లోటినిబ్. మొత్తం 151 మంది రోగులు. ఏడాది తర్వాత, మింగే మందులే వాడినవాళ్లలో 16.3 శాతం, వాటికి ఆ చిన్న డోసు కలిపి తీసుకున్నవాళ్లలో 43.4 శాతం మంది బతికి ఉన్నారు.

గొప్ప ఫలితమే. కానీ ఆ రోగులు ఎవరంటే, ఆపరేషన్‌తోనూ రేడియేషన్‌తోనూ నయం చేసే దశ దాటిపోయినవాళ్లు, జబ్బు తిరగబెట్టినవాళ్లు. వాళ్లకి ఉన్న రోజులు పెంచడమే అక్కడ లక్ష్యం. మీ నాన్నగారికి నయం చేసే అవకాశం ఇంకా చేతిలో ఉంది. ఆ అవకాశాన్ని పక్కనపెట్టి, అవకాశం లేనివాళ్లకి కనిపెట్టిన మందుతో మొదలుపెట్టడం ఆయనకి అన్యాయం. ఈ చిన్న డోసుని ఆపరేషన్‌కి ముందు ఇస్తే ఎలా ఉంటుందన్నది వేరే ప్రశ్న. ఆ 151 మంది ఫలితాల్లో దానికి జవాబు లేదు. దేవుడి దయవల్ల ఆ అవసరం రాకూడదు గానీ, ఎప్పుడైనా జబ్బు తిరగబెడితే అప్పుడు ఈ వైద్యం గురించి అడగాలని మాత్రం ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇప్పుడు మీ ఉత్తరంలో మీరు ఏదో చివర చేర్చినట్టు రాసిన వాక్యం దగ్గరికి వస్తాను. ‘కుడి చెవి సరిగా వినపడదు.’ నాకు మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది ఇదే. ఈ సంగతి మీ డాక్టర్లకి చెప్పారా?

ఆపరేషన్ తర్వాత రేడియేషన్‌తో పాటు ఇచ్చే కీమో మందు పేరు సిస్‌ప్లాటిన్. నలభై ఏళ్లకు పైగా వాడుకలో ఉంది, ధర తక్కువ, పనితనం ఎక్కువ. తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ మిగిలినా, మెడ గడ్డ పొరని చీల్చుకుని బయటికి వచ్చినా రేడియేషన్‌కి దీన్ని తప్పకుండా జత చేస్తారు. అయితే ఇది చెవుల్ని దెబ్బతీస్తుంది, కిడ్నీల్ని దెబ్బతీస్తుంది. చెవిలో పోయిన వినికిడి మళ్లీ రాదు. మీ నాన్నగారికి ఒక చెవి ముందే బాగోలేదు, షుగరు ఏళ్ల తరబడి ఉంటే కిడ్నీల మీద దాని దెబ్బ ఎంతోకొంత ఉంటుంది. అందుకని ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష, కిడ్నీల పనితనం తెలిపే క్రియాటినిన్ క్లియరెన్స్ పరీక్ష చేసి చూస్తే ఆయనకి సిస్‌ప్లాటిన్ పడదని తేలే అవకాశం ఉంది.

కొన్నేళ్ల క్రితం దాకా ఇలాంటి రోగులకి చాలాచోట్ల ఒట్టి రేడియేషన్ ఇచ్చి సరిపెట్టేవాళ్లం. కొత్త ఇమ్యునోథెరపీ మందు ఒకటి, డుర్వాల్యుమాబ్, వాళ్ల కోసం అమెరికాలో ప్రయత్నించి చూశారు. అప్పటికే వాడుతున్న సెటుక్సిమాబ్‌ని అది దాటలేకపోయింది. టాటా మెమోరియల్ వాళ్లు మాత్రం డోసిటాక్సెల్ అనే పాత, చవకైన కీమో మందుని తీసుకున్నారు. సిస్‌ప్లాటిన్ పడని 356 మందిలో సగం మందికి ఒట్టి రేడియేషన్, సగం మందికి రేడియేషన్‌తో పాటు వారానికోసారి చిన్న డోసు డోసిటాక్సెల్ ఇచ్చారు. 2023లో ఫలితాలు అచ్చయ్యాయి. రెండేళ్లకి బతికి ఉన్నవాళ్లు ఒట్టి రేడియేషన్‌లో 41.7 శాతం, డోసిటాక్సెల్ కలిపితే 50.8 శాతం. జబ్బు లేకుండా ఉన్నవాళ్లు 30.3 నుంచి 42 శాతానికి పెరిగారు.

ఈ లెక్కని ఇందాకటి అమెరికా లెక్క పక్కన పెట్టి చూడండి. జబ్బు లేకుండా ఉండటంలో మేలు రెండింట్లోనూ ఇంచుమించు అంతే, నూటికి పదకొండు, పన్నెండు మంది. ఇక్కడ ఆయుష్షు పెరిగిందని కూడా రుజువైంది. పొలం అమ్మాల్సిన పని లేదు. మీ నాన్నగారిలా చెవి సరిగా వినపడనివాళ్లు, కిడ్నీలు అంతంతమాత్రంగా ఉన్నవాళ్లే ఈ అధ్యయనంలో ఉన్నారు. దీని గురించి ఎవరూ వీడియోలు చెయ్యరు, ఎందుకంటే ఇది కొత్త మందు కాదు. మన దేశంలో, మన రోగుల మీద, మన జేబుకి తగ్గట్టు జరిగిన ఇలాంటి పరిశోధన ఇంటింటికీ తెలియాలని నా కోరిక.

ఇబ్బందులు లేవని కాదు. డోసిటాక్సెల్ కలిపినప్పుడు నోరు బాగా పూసినవాళ్లు 22 శాతం నుంచి దాదాపు 50 శాతానికి పెరిగారు. మింగడం కష్టమైనవాళ్లు కూడా పెరిగారు. కీమో రోజు ఇచ్చే స్టెరాయిడ్ వల్ల షుగరు పైకి పోతుంది, ఇన్సులిన్ అవసరపడవచ్చు. ఇవన్నీ ముందే తెలిస్తే తయారుగా ఉండొచ్చు. కాబట్టి ఈ వారమే ఆసుపత్రికి వెళ్లి ‘నాన్నకి చెవి సరిగా వినపడదు, సిస్‌ప్లాటిన్ ఇవ్వొచ్చా, లేకపోతే డోసిటాక్సెల్ ఇస్తారా’ అని సూటిగా అడగండి. పరీక్షలన్నీ బాగుంటే సిస్‌ప్లాటినే ఇస్తారు, అదీ మంచిదే. అప్పుడు డోసు ఎంతో కూడా అడగండి. వారానికోసారి, ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకి 30 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే, అది మూడు వారాలకోసారి ఇచ్చే పెద్ద డోసుతో సమానంగా పనిచేయదని 2018లో టాటా వాళ్లే చూపించారు. వారానికి 40 అయితే ఏ లోటూ లేదని తర్వాత జపాన్ అధ్యయనం తేల్చింది. పది మిల్లీగ్రాముల తేడా అని తేలిగ్గా తీసుకోవద్దు.

ఇంకో సంగతి, ఇది కూడా కొత్తదే. ఆపరేషన్ అయ్యాక తీసిన ముక్క రిపోర్టు పది, పదిహేను రోజుల్లో వస్తుంది. అందులో అంచులు శుభ్రంగా లేకపోయినా, గడ్డ పొర చీలినా, అలాంటివాళ్లకి రేడియేషన్, సిస్‌ప్లాటిన్‌లతో పాటు నివోలుమాబ్ కలిపితే మేలుందని 2025లో నివోపోస్టాప్ అనే అధ్యయనం చూపించింది. అందులో 680 మంది రోగులు. మూడేళ్లకి జబ్బు లేకుండా ఉన్నవాళ్లు 52.5 నుంచి 63.1 శాతానికి పెరిగారు. మీకు ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఇమ్యునోథెరపీ గురించి ఆలోచించే అవకాశం ఆపరేషన్‌తో మూసుకుపోదు. రిపోర్టు చూశాక ఆ ప్రశ్న మళ్లీ అడగొచ్చు. ఇప్పుడే తేల్చుకోకపోతే ఏదో పోతుందన్న భయంతో తేదీ జరుపుకోకండి.

అమ్మగారి భయం గురించి. కత్తి పెడితే, సూది గుచ్చితే పాకుతుందన్న మాట మన ఊళ్లలో తరాలుగా ఉంది. ఆవిణ్ని కసురుకోకండి. ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్లకి జబ్బు తిరగబెట్టినవాళ్లని ఊళ్లో ఆవిడ చూసే ఉంటారు. అయితే అలా తిరగబెట్టినవాళ్లలో చాలామంది ఆపరేషన్ అయ్యాక రేడియేషన్‌కి వెళ్లనివాళ్లు, సగంలో మానేసినవాళ్లు. గట్టు మీద గరికని పైన కోసి వేరు వదిలేస్తే ఏమవుతుందో మీ ఇంట్లో అందరికీ తెలుసు. కంటికి కనపడే గడ్డని సర్జన్ తీస్తారు, కనపడని వేళ్లకి రేడియేషన్. మెడలో గడ్డలు లేనివాళ్లకి కూడా ముందుజాగ్రత్తగా మెడ గ్రంథులు తీసేస్తే ఎక్కువమంది బతుకుతున్నారని 2015లో టాటా మెమోరియల్ డాక్టర్ అనిల్ డిక్రూజ్ బృందం ప్రపంచానికి చూపించింది. మూడేళ్లకి 80 శాతం, ఆగి చూసినవాళ్లలో 67.5 శాతం. కత్తి పెడితే పాకేదే నిజమైతే ఈ అంకెలు తిరగబడి ఉండాలి కదా. పసరు మందు పుండు మీద పూస్తే పైన చర్మం కాలి, అసలు జబ్బు ఎంతవరకు ఉందో సర్జన్‌కి తెలియకుండా పోతుంది. దానికోసం ఒక్క రోజు కూడా పోగొట్టుకోవద్దు. బుగ్గ తీసేస్తే మొహం ఎలా ఉంటుందో అని ఆవిడ దిగులైతే, తొడ నుంచో ఛాతీ నుంచో కండ, చర్మం తెచ్చి ఆ ఖాళీ పూడుస్తారనీ, ఎముక తీయాల్సి వస్తే కాలి ఎముకతో దవడ కట్టే పద్ధతి కూడా ఉందనీ చెప్పండి. మునుపటి మొహం రాదు. కానీ అన్నం తినగలుగుతారు, మాట్లాడగలుగుతారు.

ఆపరేషన్‌కి ముందు దంతవైద్యుడికి చూపించి తీరాలి. ఖైనీ నమిలిన నోట్లో పుచ్చిన పళ్లు ఉంటాయి. రేడియేషన్ పడ్డాక దవడ ఎముకకి రక్తం సరిగా అందదు, అప్పుడు పన్ను పీకితే ఆ గాయం మానక ఎముక కుళ్లే ప్రమాదం ఉంది. తీయాల్సిన పళ్లు రేడియేషన్‌కి ముందే, వీలైతే ఆపరేషన్‌లోనే తీయించండి. ఖైనీ ఈ రోజుతో ఆపేయాలి, ‘ఎలాగూ వచ్చేసింది కదా’ అనే మాట ఒప్పుకోకండి. మానడానికి సాయం కావాలంటే జాతీయ ఉచిత ఫోన్ లైన్ ఉంది, 1800-112-356. షుగరు అదుపులో లేకపోతే కుట్లు విడిపోతాయి, కాబట్టి అది ఇప్పటినుంచే చూసుకోవాలి.

తర్వాత అన్నిటికన్నా పెద్ద సంగతి, రేడియేషన్ మొదలయ్యే తేదీ. ఆపరేషన్ అయిన ఆరు వారాల్లోపు మొదలవ్వాలి. రేడియేషన్ మిషన్ దగ్గర వెయిటింగ్ చాలా ఉంటుంది, అందుకని ఆపరేషన్ డిశ్చార్జికి ముందే అక్కడ పేరు రాయించండి. మొదలయ్యాక వారానికి ఐదు రోజులు, ఆరు వారాలకు పైగా. మధ్యలో నోరు పూస్తుంది, రుచి పోతుంది, మూడో నాలుగో వారంలో ‘నావల్ల కాదు, ఇంటికి పోదాం’ అంటారు. అక్కడే చాలా కుటుంబాలు లొంగిపోతాయి. ముక్కు గొట్టం పెట్టి గంజి, పాలు, గుడ్డు కలిపిన జావ పోయాల్సి రావచ్చు, దాన్ని ఓటమిగా చూడకండి. ఆ గొట్టం వల్లే ఎంతోమంది కోర్సు పూర్తి చేస్తారు. సంక్రాంతి వచ్చిందనో కోతలు వచ్చాయనో రోజులు మానితే ఆ నష్టాన్ని ఏ కొత్త మందూ పూడ్చలేదు. నోరు బిగుసుకుపోకుండా తెరిచే వ్యాయామాలు రోజూ చేయించాలి, అవి ఫిజియోథెరపిస్టు చూపిస్తారు.

ఖర్చుకి: ఆపరేషన్, రేడియేషన్, మామూలు కీమో ఎన్టీఆర్ వైద్య సేవలో వస్తాయి. ఆసుపత్రిలో పథకం కౌంటర్ దగ్గర కూర్చునే ‘మిత్ర’ని కలిసి, ఏది వస్తుందో ఏది రాదో ముందే అడిగి రాసుకోండి. ఇమ్యునోథెరపీ కూడా వచ్చేస్తుందని అనుకుని దిగొద్దు. రెండో అభిప్రాయం కావాలంటే విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, నోటి క్యాన్సర్లు చూసి చూసి చేయి తిరిగినవాళ్లు. వెళ్లేటప్పుడు సీడీలు, బయాప్సీ స్లైడ్లు పట్టుకెళ్లండి. కానీ ఇచ్చిన తేదీ రద్దు చేసుకోకుండానే వెళ్లిరండి. ఇమ్యునోథెరపీ మీద ఏదైనా క్లినికల్ ట్రయల్ (రోగుల మీద మందుని పరీక్షించే అధ్యయనం) నడుస్తుందా అని కూడా అక్కడ అడగొచ్చు. ప్రభుత్వ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో నమోదైన ట్రయల్ అయి, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండి, తెలుగులో రాసిన సమ్మతి పత్రం మీ చేతికిస్తే భయపడక్కర్లేదు. ట్రయల్ పేరుతో మందుకి డబ్బు కట్టమంటే మాత్రం ఆగి, ఎందుకని అడగండి.

ఇక మీ మేనత్తగారి విషయం. సెక్రీటరీ కార్సినోమా అనేది లాలాజల గ్రంథుల్లో వచ్చే అరుదైన రకం, 2010 తర్వాతే దానికి విడిగా ఒక పేరు పెట్టి గుర్తించడం మొదలైంది. చాలామందిలో నెమ్మదిగా పెరిగే జబ్బు. ఆపరేషన్‌లో అంచులు శుభ్రంగా వచ్చి ఉంటే సాధారణంగా క్రమం తప్పకుండా చూపించుకోవడమే వైద్యం, కొత్త మందు ఏదీ అక్కర్లేదు. కానీ ఈ రకంలో దాదాపు ఎప్పుడూ ఎన్‌టీఆర్‌కే3 అనే జన్యువు ఇంకో జన్యువుతో అతుక్కుని ఉంటుంది. ఆ అతుకునే గురిపెట్టే లారోట్రెక్టినిబ్ అనే మందుకి 2018లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. మొదటి అధ్యయనంలో రకరకాల క్యాన్సర్లున్న 55 మందే ఉన్నారు, వాళ్లలో పన్నెండు మందికి మీ మేనత్తగారిలాగే లాలాజల గ్రంథుల క్యాన్సర్. మొత్తం 55 మందిలో నూటికి 75 మందికి గడ్డలు కరిగాయి.

ఇక్కడ మీరు నన్నొక మాట అడగొచ్చు. నాన్న విషయంలో 714 మందిని, 356 మందిని చూపించి, అత్త విషయంలో 55 మందితో సరిపెట్టుకుంటారేమని. అరుదైన జబ్బుల్లో వందలమంది దొరకరు, రెండు గుంపులు చేసి పోల్చడానికి కుదరదు. అందుకే అక్కడ మందు పనితనం పోల్చి చూడకుండానే తెలిసేంత గట్టిగా ఉండాలి. నూటికి డెబ్బై ఐదు అంటే అంత గట్టిదే. కానీ నోటి క్యాన్సర్ లాంటి తరచుగా వచ్చే జబ్బులో చిన్న గుంపు మీద వచ్చిన పెద్ద శాతాన్ని చూసి అంతే నమ్మకూడదు. పెటోసెమ్‌టమాబ్ అనే కొత్త మందుని పెంబ్రోలిజుమాబ్‌తో కలిపి ఇస్తే 63 శాతం మందికి గడ్డ తగ్గిందని 2025లో వార్త వచ్చింది, అది 43 మంది లెక్క. పెద్ద అధ్యయనాలు నడుస్తున్నాయి. ఆశ పెట్టుకోవచ్చు గానీ, దాని కోసం ఇప్పుడే ఏ నిర్ణయమూ మార్చుకోనక్కర్లేదు.

మేనత్తగారి కోసం మీరు చేయాల్సిన పని ఒకటే. ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి ల్యాబ్‌లో ఆవిడ గడ్డ ముక్కని మైనంలో పెట్టి దాచిన పారాఫిన్ బ్లాక్ ఉంటుంది. ల్యాబులు కొన్నేళ్ల తర్వాత వాటిని పారేయవచ్చు. ఒక దరఖాస్తు రాసిచ్చి బ్లాకు తెచ్చుకుని, ఎండ తగలని చోట, పేరు, రిపోర్టు నంబరు రాసి భద్రం చేయండి. ఎప్పుడైనా జబ్బు తిరగబెట్టి, ఆపరేషన్‌కి వీలుకాకపోతే, ఆ జన్యు పరీక్ష ఆ బ్లాకు మీదే చేయొచ్చు. నాన్నగారి బయాప్సీ బ్లాకు విషయంలోనూ ఇదే చేయండి. పీడీ-ఎల్1 పరీక్షకి అదే పనికొస్తుంది. ఆడియోమెట్రీ రిపోర్టు వచ్చాక డాక్టర్లు ఏ మందు అన్నారో నాకు రాయండి.